చదువు వంకతో వచ్చిన పెట్టె

ఇంట్లో ఖరీదైన వస్తువేదైనా కొనిపించాలంటే పిల్లలు వేసే పాచిక ఒకటుంది: "చదువుకు పనికొస్తుంది." ఆ మాట చెవిన పడగానే పెద్దవాళ్ళ చెయ్యి జేబులోకి వెళ్తుంది. సగం నమ్మకం, సగం నమ్మాలన్న కోరిక. 1980ల మొదట్లో బ్రిటన్‌లో ఈ పాచిక బ్రహ్మాండంగా పారింది. పైగా అక్కడ పిల్లల తరఫున వకాల్తా పుచ్చుకున్నవాళ్ళు సామాన్యులు కారు. ఒకరు ప్రభుత్వం, ఇంకొకరు బీబీసీ.

1982 జనవరిలో బీబీసీ "ద కంప్యూటర్ ప్రోగ్రామ్" అనే టీవీ పాఠాలు మొదలుపెట్టింది. కంప్యూటర్ అంటే ఏమిటో మామూలు జనానికి చెప్పాలని సంకల్పం. పాఠం వింటే చాలదు, చేత్తో చేసి చూడాలి. అందుకని తన పేరుతోనే ఒక కంప్యూటర్ చేయించింది. ఏకార్న్ అనే కేంబ్రిడ్జ్ కంపెనీ తయారుచేసిన ఆ బీబీసీ మైక్రో బళ్ళలోకి నడిచింది. బడి కొనే కంప్యూటర్‌కు సగం ఖర్చు ప్రభుత్వం భరించే పథకమూ వచ్చింది. అయితే దాని మోడల్ బి ధర 399 పౌండ్లు. జీతం రాళ్ళ మీద బతికే ఇంటికి అది అందని పండు. బడిలో ఉన్నది ఇంట్లో లేకపోతే పిల్లాడు వెనకబడిపోతాడేమోనన్న బెంగ మాత్రం అన్ని ఇళ్ళకూ ఉచితంగా అందింది.

ఆ బెంగను బాగా కనిపెట్టిన మనిషి క్లైవ్ సింక్లెయిర్. 1972లోనే జేబులో పట్టే కాలిక్యులేటర్ అమ్మినవాడు. వస్తువును చిన్నది చెయ్యాలి, ధర ఇంకా చిన్నది చెయ్యాలి అన్నదే ఆయన వ్యాపార సూత్రం. 1980లో వంద పౌండ్ల లోపే జడ్ఎక్స్80, మరుసటి ఏడాది డెబ్భై పౌండ్ల లోపే జడ్ఎక్స్81 తెచ్చాడు. రెండోదాన్ని విడిభాగాలుగా కొనుక్కుని ఇంట్లోనే టంకం పెట్టుకుంటే 49 పౌండ్ల 95 పెన్నీలే. వాటికి రంగుల్లేవు, చప్పుడు లేదు, ఉన్న జ్ఞాపకం (మెమరీ) ఒక్క కిలోబైటు. అయినా జనం ఎగబడి కొన్నారు. ఇక 1982 ఏప్రిల్ 23న రంగులతో, చప్పుడుతో జడ్ఎక్స్ స్పెక్ట్రమ్ వచ్చింది. 16 కిలోబైట్లది 125 పౌండ్లు, 48 కిలోబైట్లది 175 పౌండ్లు. బీబీసీ మైక్రో ధరకు సగం కూడా లేదు.

చదువు పేరుతో ఇళ్ళలోకి వచ్చిన ఆ పెట్టె, తర్వాత పదేళ్ళూ ఆట పేరుతో బతికింది. కొనిపించిన కారణం ఒకటి, నిలబెట్టిన కారణం ఇంకొకటి. ఇందులో ఎవరు ఎవరిని మోసం చేశారన్నది తేల్చడం పైకి కనిపించినంత సులువు కాదు.

ముందు ఆ పెట్టెను దగ్గరగా చూడాలి. నల్లటి ప్లాస్టిక్ పలక, కుడిచేతి మూల మీదుగా జారే నాలుగు రంగుల చారలు. రూపం దిద్దినవాడు రిక్ డికిన్సన్, లోపలి సర్క్యూట్ అల్లినవాడు రిచర్డ్ ఆల్ట్‌వాసర్. యంత్రానికి బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్పినవాడు స్టీవ్ వికర్స్. జైలాగ్ కంపెనీ వారి జడ్80ఏ ప్రాసెసర్ సెకనుకు 35 లక్షల తాళాలు కొడుతుంది. ఖర్చు తగ్గించడానికి చాలా చిన్న చిప్పులు చేసే పనిని ఫెరాంటి కంపెనీ చేసిన ఒకే చిప్పులో కుక్కారు. తెర ఇవ్వలేదు. తెర అంటే హాల్లో ఉన్న టీవీయే. కాబట్టి ఆ ఇంట్లో సాయంత్రం వార్తల వేళ ఎవరు గెలుస్తారన్నది రోజూ తేలవలసిన తగువే.

మీటలు నలభై, అన్నీ రబ్బరువి. నొక్కితే పెన్సిలు చెరిపే రబ్బరును వేలితో అదిమినట్టు మెత్తగా లోపలికి పోయేవి, శబ్దం చేసేవి కావు. చవకబారు అని వెక్కిరించినవాళ్ళు ఎందరో. కానీ అసలు విశేషం మెత్తదనంలో లేదు, వాటి మీద అచ్చువేసిన రాతలో ఉంది. రెండో వరుసలో కుడి చివర ఉన్న పి మీట సంగతి చూడండి. పంక్తి మొదట్లో దాన్ని నొక్కితే తెర మీద "పి" పడదు, "ప్రింట్" అనే ఆదేశం మొత్తం ఒక్కసారిగా పడుతుంది. ఆ తర్వాత నొక్కితే మామూలు పి. ఒక షిఫ్ట్‌తో పెద్ద అక్షరం, మరో షిఫ్ట్‌తో కొటేషన్ గుర్తు, రెండు షిఫ్ట్‌లూ కలిపి కొట్టాక నొక్కితే "ట్యాబ్", మరోలా నొక్కితే కాపీరైట్ గుర్తు. ఒక్క మీటకు ఆరు వేషాలు. ఆదేశంలోని ఒక్కో అక్షరాన్నీ పోల్చుకునే శ్రమ యంత్రానికి తప్పింది. జ్ఞాపకం ఆదా అయింది, అక్షరదోషాలు పోయాయి. ఆ ఆదా అంతా పిల్లల వేళ్ళు మోశాయి. పెద్దలు మీట వెతుక్కునే లోపు పదేళ్ళ పిల్లలు చూడకుండానే కొట్టేవాళ్ళు.

కరెంటు పెట్టగానే తెర అడుగున కంపెనీ పేరు, 1982 అన్న అంకె. ఎంటర్ నొక్కితే ఆ పేరు పోయి, మిణుకుమిణుకుమంటూ ఒక్క "కె" అక్షరం మిగులుతుంది. బొమ్మల్లేవు, దారి చూపే జాబితాల్లేవు. ఆదేశం రాస్తే చేస్తుంది, తప్పు రాస్తే ప్రశ్నార్థకం పెట్టి నిలబెడుతుంది. ఏమీ రాయకపోతే అలాగే మిణుకుతూ కూర్చుంటుంది. కాబట్టి ఆట ఆడదల్చుకున్నవాడు కూడా కనీసం ఒక్క ఆదేశం రాయక తప్పదు. జె మీట నొక్కితే "లోడ్", ఆపైన రెండు కొటేషన్లు, చివర ఎంటర్. ఎంత ఆటపిచ్చి ఉన్నవాడైనా ఈ ఒక్క పంక్తి ప్రోగ్రాము రాసే లోపలికి వెళ్ళాలి.

లోపలికి వెళ్ళడానికి దారి క్యాసెట్టు. పాటలు వినే మామూలు టేప్ రికార్డరుకు తీగ తగిలించి క్యాసెట్టు తిప్పితే కీచుమని మోత. సున్నాకు ఒక పొట్టి తరంగం, ఒకటికి దానికి రెట్టింపు పొడుగు తరంగం. అంతకుమించి అందులో రహస్యం లేదు. సెకనుకు సుమారు 1,500 బిట్ల చొప్పున 48 కిలోబైట్ల ఆట ఎక్కడానికి నాలుగైదు నిమిషాలు పట్టేది. అంతసేపూ తెర అంచున ఎరుపు, నీలం, పసుపు చారలు పరుగెత్తేవి. టేప్ రికార్డరు వాల్యూమ్ కాస్త తగ్గినా, కాస్త పెరిగినా, నాలుగో నిమిషం చివర "టేప్ లోడింగ్ ఎర్రర్" అని తేలేది. అప్పుడు చిన్న స్క్రూడ్రైవర్ తెచ్చి, టేపు హెడ్డు పక్కనున్న మరను అర వాసి తిప్పి, కీచు మోత ఎక్కువ పదునుగా వినిపించే చోట ఆపి, మళ్ళీ మొదటినుంచి.

ఆ నాలుగు నిమిషాల్లో కూడా పాఠం ఒకటి జరిగేది. ఆటకు ముందు దాని ముఖచిత్రం తెర మీద గీసుకునేది. పైనుంచి కిందికి సాఫీగా గీస్తే బాగుండును, కానీ స్పెక్ట్రమ్ అలా గీయదు. తెరను మూడు భాగాలుగా చీల్చుకుని, మొదటి భాగంలో ఎనిమిది గీతలకు ఒక గీత చొప్పున గీస్తూ పోతుంది. మళ్ళీ మొదటికి వచ్చి వాటి కింది గీతలు, మళ్ళీ వాటి కింది గీతలు. ఎనిమిది చుట్లకు ఆ భాగం నిండుతుంది, అప్పుడు రెండో భాగం. 6,144 బైట్లు ఇలా నలుపు తెలుపుల్లో నిండాక, చివరి 768 బైట్లలో రంగులు గబగబా వచ్చి పరుచుకుంటాయి. రోజూ ఈ తంతు చూసిన పిల్లవాడికి, తెర అంటే జ్ఞాపకంలో ఒక ముక్క అని, బొమ్మ వేరు, రంగు వేరు అని ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయేది. ఏ పాఠ్యప్రణాళికలోనూ లేని అధ్యాయం అది.

రంగు వేరుగా ఉండటంలోనే స్పెక్ట్రమ్ అందమూ ఉంది, అవిటితనమూ ఉంది. అడ్డంగా 256, నిలువుగా 192 చుక్కలున్న తెరలో ప్రతి చుక్కకూ విడిగా రంగు దాచాలంటే జ్ఞాపకం చాలదు. అందుకని ఎనిమిది బై ఎనిమిది చుక్కల గడికి రెండే రంగులు ఇచ్చారు, ఒకటి సిరా, ఒకటి కాగితం. పచ్చటి చెట్టు ముందుకు ఎర్రచొక్కా మనిషి వచ్చాడంటే ఆ గడిలో చెట్టు ఎర్రబడాలి, లేదా మనిషి పచ్చబడాలి. ఆటగాళ్ళు దీన్ని చూసి నవ్వుకున్నారు. ఆటలు రాసేవాళ్ళు మాత్రం తలోదారి పట్టారు. ఆష్బీ అనే చిన్న ఊళ్ళో స్టాంపర్ సోదరులు నడిపిన అల్టిమేట్ కంపెనీ 1984లో "నైట్ లోర్" అనే ఆట తెచ్చింది. అందులో గది మొత్తానికీ ఒకే రంగు. రంగు వదులుకున్నందుకు ప్రతిఫలంగా లోతు దొరికింది. దిమ్మల వెనక దాక్కోవచ్చు, బల్ల మీదికి ఎక్కవచ్చు, గది మూడు వైపులా సాగినట్టు కనిపిస్తుంది. దాన్ని చూసి అలాంటి ఆటలు పుంఖానుపుంఖాలుగా వచ్చాయి.

అదే ఎనిమిది బై ఎనిమిది గడిలో సొంత అక్షరాలు గీసుకునే వెసులుబాటు కూడా స్పెక్ట్రమ్ ఇచ్చింది. నిజానికి ఇది తెలుగువాళ్ళు ఒకసారి కాగితం మీద వేసి చూడదగ్గ పని. గళ్ళ కాగితం మీద ఠ గీసి, నల్లబడ్డ గడిని ఒకటి, ఖాళీ గడిని సున్నా అనుకుంటూ వరుసవారీగా లెక్క కడితే ఎనిమిది అంకెలు వస్తాయి: 60, 66, 129, 153, 153, 129, 66, 60. వాటిని యంత్రానికి ఇస్తే తెర మీద గుండ్రటి ఠ, తలకట్టు లేకపోయినా నడుమ చుక్కతో సహా, చక్కగా ప్రత్యక్షమవుతుంది. ర, గ కూడా ఇబ్బంది పెట్టవు. చిక్కంతా తర్వాతే. ఇలాంటి సొంత గడులు స్పెక్ట్రమ్ ఇచ్చేవి 21, మన వర్ణమాల 56. గుణింతాలు, వత్తులు లెక్కలోకే రాలేదు. "లక్ష్మి" అని రాయబోతే క్ష కింద మకారం పెట్టడానికి గడిలో చోటే ఉండదు. ఇంగ్లీషు అక్షరం కొలతకు కుట్టిన చొక్కా తెలుగు అక్షరానికి ఎక్కడ బిగుసుకుంటుందో ఈ ఎనిమిది వరుసలు చెప్పినంత సూటిగా ఏ ఉపన్యాసమూ చెప్పదు.

ఇక ఆటల సంగతి. 1983లో మాథ్యూ స్మిత్ అనే పదిహేడేళ్ళ కుర్రాడు "మానిక్ మైనర్" రాశాడు. ఇరవై గుహలు, ప్రతి గుహలో తాళం చెవులు ఏరుకుని ఊపిరి అయిపోయేలోగా బయటపడాలి. స్పెక్ట్రమ్‌లో చప్పుడు చెయ్యడానికి ప్రత్యేకంగా చిప్పు లేదు. ప్రాసెసరే స్వయంగా స్పీకర్‌ను టిక్కుటిక్కుమని కొట్టాలి, కొడుతున్నంతసేపూ ఇంకో పని చెయ్యలేదు. అయినా ఆ కుర్రాడు కదిలే బొమ్మల మధ్య క్షణాలు దొంగిలించి ఆట సాగుతుండగానే పాట వాయించాడు. మరుసటి ఏడాది దాని తరువాయిగా "జెట్ సెట్ విల్లీ" వచ్చింది. దీనితోపాటు రంగురంగుల గడులు అచ్చువేసిన కార్డు ఒకటి ఇచ్చేవారు. ఆట ఎక్కాక ఫలానా గడిలోని రంగులేమిటని అడుగుతుంది, చెప్పలేకపోతే ఆడనివ్వదు. రంగుల జిరాక్సు దొరకని రోజుల్లో దొంగ కాపీలకు వేసిన తాళం అది. చాలామంది పిల్లలు రంగు పెన్సిళ్ళతో కార్డు మొత్తం కాపీ చేసుకున్నారు. ఇంకొందరు ఆ ప్రశ్న అడిగే చోటు ప్రోగ్రాములో ఎక్కడుందో వెతికి దాన్నే తీసేశారు.

ఆ ఆటను మొదట పూర్తిచేసినవాళ్ళకు షాంపేన్ సీసాలు, హెలికాప్టర్ షికారు బహుమతి అని ప్రకటించారు. తీరా చూస్తే ఆట పూర్తికాదు. అటక గదిలోకి ఒకసారి అడుగుపెడితే చాలు, అక్కడ ఎగిరే బాణం ఒకటి తెర హద్దు దాటి జ్ఞాపకంలో వేరే చోట అంకెలు చెరిపేసేది. దాంతో కొన్ని గదులు ప్రాణాంతకమయ్యేవి. గదిలో విషవాయువు నిండింది, అది కావాలని పెట్టిందే అని ఆట అమ్మిన కంపెనీ మొదట బుకాయించింది. ఇద్దరు కుర్రాళ్ళు దానితో ఊరుకోలేదు. ఆటను విప్పి, తప్పులెక్కడున్నాయో పట్టి, వాటిని సరిదిద్దే అంకెలు రాసి పంపారు. బహుమతి వాళ్ళకే దక్కింది. నాలుగు "పోక్" ఆదేశాలు అచ్చయి ఊరూరా చేరాయి.

"పోక్" అన్న ఈ మాట స్పెక్ట్రమ్ లోకంలో బాలశిక్ష. జ్ఞాపకంలో ఫలానా ఇంటి నంబరులో ఫలానా అంకె పెట్టు అని చెప్పడమే అది. "పోక్ 35899, 0" అంటే జెట్ సెట్ విల్లీకి చావు ఉండదు. పత్రికలు నెలనెలా ఇలాంటి అంకెలు అచ్చువేసేవి. పిల్లలు వాటిని వాడింది నిస్సందేహంగా దొంగాటకే. కానీ 35899లో ఏముంది, సున్నా పెడితే ప్రాణం ఎందుకు తరగదు అన్న అనుమానం వందమందిలో ఏ ఒక్కరికి వచ్చినా, వాళ్ళు ఆ మధ్యాహ్నమే మెషీన్ భాష గడప దాటినట్టు. బీబీసీ టీవీ పాఠం కంప్యూటర్ గురించి చెప్పింది. దొంగాట కంప్యూటర్‌ను విప్పి చూపించింది.

మిగతా తొంభైతొమ్మిది మంది సంగతి దాచిపెట్టడం న్యాయం కాదు. ఆ తరంవాళ్ళు ఇవాళ రాసుకునే జ్ఞాపకాల్లో ప్రతి ఒక్కరూ స్పెక్ట్రమ్ మీద ప్రోగ్రాములు రాసినవాళ్ళే. ఆ జ్ఞాపకాలు రాసింది పెద్దయ్యాక సాఫ్ట్‌వేర్‌లో స్థిరపడినవాళ్ళు కనుక అలా అనిపిస్తుంది. చాలా ఇళ్ళలో అది ఆట పెట్టెగా వచ్చి, ఆట పెట్టెగానే అటకెక్కింది. పైగా అది ఎక్కువగా మగపిల్లల గదిలోకే చేరింది. ఆ కాలపు ప్రకటనల్లో మీటల ముందు కూర్చున్నది అబ్బాయి, వెనక నిలబడి మురిసిపోతున్నది నాన్న. చెల్లెలు ఉంటే ఓ మూలన ఉండేది. "చదువుకు పనికొస్తుంది" అన్న పాచిక ఎవరి చదువు కోసం వేస్తున్నారో ఆ బొమ్మలే చెప్పేస్తాయి.

సింక్లెయిర్ విషయానికొస్తే, ఆయనకు 1983లో సర్ బిరుదు వచ్చింది. అంతకు ముందు ఏడాది ప్రధాని మార్గరెట్ థాచర్ జపాన్ వెళ్ళి, ఎలక్ట్రానిక్స్‌లో పేరుమోసిన ఆ దేశపు ప్రధానికే స్పెక్ట్రమ్ చూపించి గర్వపడింది. ఇంత జరిగినా ఆటబొమ్మల వ్యాపారి అన్న పేరు ఆయనకు రుచించలేదు. గంభీరమైన పనుల కోసం 1984 జనవరిలో క్యూఎల్ అనే యంత్రాన్ని 399 పౌండ్లకు ప్రకటించాడు. అది సిద్ధం కాకముందే డబ్బు తీసుకున్నారు, నెలలు గడిచినా సరుకు చేరలేదు. చేరిన తొలి యంత్రాలకు సాఫ్ట్‌వేర్ లోపల పట్టక ఒక ముక్క వెనకవైపు వేలాడుతూ ఉండేది. మరుసటి జనవరిలో అదే 399 పౌండ్లకు సీ5 అనే మూడు చక్రాల బ్యాటరీ బండి తెచ్చాడు. ఇంగ్లండు చలిలో, లారీల చక్రాల ఎత్తున కూర్చుని పోవాల్సిన ఆ బండిని చూసి దేశం నవ్వింది. 1986 ఏప్రిల్‌లో సింక్లెయిర్ కంప్యూటర్ల వ్యాపారం, పేరుతో సహా, 50 లక్షల పౌండ్లకు ఆమ్‌స్ట్రాడ్ కంపెనీ చేతికి వెళ్ళింది.

అప్పటికే స్పెక్ట్రమ్ తన జాతకం తానే ఒప్పుకుంది. అమ్మకానికి కొద్దిగా ముందు వచ్చిన 128 కిలోబైట్ల స్పెక్ట్రమ్‌లో కరెంటు పెడితే మిణుకుమనే "కె" కనిపించదు. ఒక జాబితా కనిపిస్తుంది. అందులో మొదటి పంక్తి "టేప్ లోడర్", అంటే ఎంటర్ కొట్టి ఆట ఎక్కించుకోమని. బేసిక్ రెండో పంక్తికి దిగింది. ఆడదల్చుకున్నవాడు ఇక ఆ ఒక్క పంక్తి ప్రోగ్రాము కూడా రాయనక్కర్లేదు. ఆమ్‌స్ట్రాడ్ ఇంకో అడుగు ముందుకేసి టేప్ రికార్డరును యంత్రంలోనే బిగించేసింది, స్క్రూడ్రైవర్ పనీ తగ్గింది. కొనేవాళ్ళకు ఇది నిజంగానే మేలు. ఆ మేలు జరిగిన రోజే ఆ పెట్టె నుంచి చదువు సగం సర్దుకుంది.

క్యూఎల్‌కు మాత్రం ఒక విచిత్రమైన విద్యార్థి దొరికాడు. హెల్సింకీలో ఒక కుర్రాడు దాన్ని కొని, దానికి సాఫ్ట్‌వేర్ దొరక్కపోవడంతో అసెంబ్లర్, ఎడిటర్ తానే రాసుకున్నాడు. తర్వాత లినక్స్ రాసిన లినస్ టోర్వాల్డ్స్ అతనే.

బ్రిటన్ వదిలి తూర్పుకు వెళ్తే స్పెక్ట్రమ్ కథ ఇంకో మలుపు తిరుగుతుంది. అప్పటి కమ్యూనిస్టు దేశాలకు పశ్చిమ దేశాల కంప్యూటర్లు సులువుగా అందేవి కావు. అక్కడివాళ్ళు యంత్రాన్నే నకలు చేశారు. తూర్పు జర్మనీలో జడ్80కి నకలు చిప్పు తయారైంది. ఫెరాంటి చిప్పు దొరక్కపోతే దాని పనిని మామూలు చిన్న చిప్పులు గుత్తిగా పేర్చి చేయించారు. సోవియట్ యూనియన్‌లో "లెనిన్‌గ్రాడ్", "పెంటగాన్" అనే పేర్లతో సర్క్యూట్ బొమ్మలు చేతులు మారాయి, వంటింటి బల్లల మీద టంకం పెట్టి యంత్రాలు నిలబెట్టారు. బెల్‌గ్రేడ్ రేడియోలో "వెంటిలేటర్ 202" అనే కార్యక్రమం ప్రోగ్రాముల కీచు మోతను నేరుగా గాలిలోకి వదిలేది. శ్రోతలు దాన్ని క్యాసెట్టులోకి పట్టుకుని యంత్రానికి ఎక్కించుకునేవాళ్ళు. అప్పటి చెకోస్లొవేకియాలో స్పెక్ట్రమ్ తరహా యంత్రాలను "డిడాక్టిక్" పేరుతో తయారుచేసింది స్కాలిట్సా ఊళ్ళోని ఒక బోధనా పరికరాల సంస్థ. అక్కడా చదువు వంకే.

ఆ దేశంలో 1989 జనవరి 16న ప్రాగ్ నగరంలోని వెన్సెస్లాస్ కూడలిలో జనం పోగైతే పోలీసులు చెదరగొట్టారు. కొద్ది రోజులకే క్యాసెట్టు నుంచి క్యాసెట్టుకు ఒక ఆట పాకింది. బొమ్మల్లేవు, అంతా అక్షరాలే. ఆడేవాడు ఇండియానా జోన్స్, సినిమాలో సాహసాలన్నీ చేసి వచ్చిన వీరుడు. అతను చెయ్యాల్సింది ఆ తేదీన, ఆ కూడలిలోంచి, పోలీసుల దెబ్బలు తప్పించుకుని బయటపడటం. తప్పు వీధిలోకి తిరిగితే చావు. రాసినవాళ్ళ పేరు ఎక్కడా లేదు. అచ్చుయంత్రాల మీద నిఘా ఉన్న దేశంలో, పిల్లలాటగా చూసి వదిలేసిన పెట్టె మీద కరపత్రం అచ్చయింది.

మన దేశంలో ఈ కథ చిన్నదే, కానీ ఉంది. హైదరాబాద్ ఈసీఐఎల్ 1970ల నాటికే టీడీసీ వరుస కంప్యూటర్లు తయారుచేసేది. అవి ప్రయోగశాలలకు, పెద్ద సంస్థలకు. బడిపిల్లల వంతు 1984లో, క్లాస్ అనే కేంద్ర పథకంతో వచ్చింది. మొదటి విడతలో దేశవ్యాప్తంగా 250 బళ్ళకు బీబీసీ మైక్రోలు వెళ్ళాయి. మొహాలీలోని సెమికండక్టర్ కాంప్లెక్స్ దాన్ని లైసెన్సుతో ఇక్కడే తయారుచేసింది. స్పెక్ట్రమ్ ప్లస్‌ను డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ అనే కంపెనీ "డీబీ స్పెక్ట్రమ్" పేరుతో అమ్మింది. బ్రిటన్‌లోలాగే ఇక్కడా ఒకటి బడి ముఖం పెట్టుకుంది, ఇంకొకటి ఇంటి ముఖం. తేడా ఒకటే. అక్కడ నెల జీతంలో ఇమిడిపోయే వస్తువు ఇక్కడ చాలా ఇళ్ళకు నెలల జీతం. అందుకని ఇక్కడి మధ్యతరగతి తరం కంప్యూటర్‌ను ఎక్కువగా కలుసుకున్నది తర్వాతే, ఇన్‌స్టిట్యూట్‌లో, ఫీజు కట్టి, గంట లెక్కన. మన దగ్గర కంప్యూటర్ ఆట ముఖంతో కాకుండా ఉద్యోగం ముఖంతో పరిచయమైంది. హైదరాబాద్ అమీర్‌పేటలోని ఇన్‌స్టిట్యూట్ బోర్డులన్నీ ఆ పరిచయానికి సాక్ష్యాలే.

ఆటను పక్కన పెట్టి చదువునే నేరుగా పెడితే ఏమవుతుందో బ్రిటన్ బళ్ళే తర్వాత చేసి చూశాయి. 1990లు, 2000లలో కంప్యూటర్ పాఠం అంటే ఉత్తరం టైపు చెయ్యడం, లెక్కల పట్టిక నింపడం. కేంబ్రిడ్జ్ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్సుకు దరఖాస్తు చేసే పిల్లల సంఖ్య, వాళ్ళకు ముందే వచ్చిన ప్రోగ్రామింగ్ తగ్గిపోతున్నాయని అక్కడి ఎబెన్ అప్టన్ బృందం గమనించింది. వాళ్ళు కనిపెట్టిన మందు రాస్ప్‌బెర్రీ పై, 2012లో వచ్చింది. పెట్టె కూడా లేని ఉత్త సర్క్యూట్ బోర్డు, 35 డాలర్లు, తెర మళ్ళీ ఇంట్లోని టీవీయే. మోడల్ బి అన్న పేరు కూడా బీబీసీ మైక్రో నుంచి తీసుకున్నదే. 2014 నుంచి ఇంగ్లండు బళ్ళలో పాత పాఠం పోయి ప్రోగ్రామింగ్ ఉన్న కొత్త పాఠం వచ్చింది.

అయినా చదువు ఎక్కడ, ఆట ఎక్కడ అన్న తగువుకు తీర్పు వెతకాలంటే స్కాట్లండులోని డండీ వెళ్ళాలి. స్పెక్ట్రమ్‌లను బిగించి పెట్టెల్లో సర్దింది ఆ ఊళ్ళోని టైమెక్స్ ఫ్యాక్టరీ. గేటు దాటి చాటుమాటుగా ఎన్ని యంత్రాలు ఊళ్ళోకి నడిచాయో అని అక్కడివాళ్ళు ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటారు. డేవిడ్ జోన్స్ అనే కుర్రాడు ఆ ఫ్యాక్టరీలో అప్రెంటిస్. కొలువు పోయినప్పుడు చేతికొచ్చిన సొమ్ముతో ఇంకా పెద్ద కంప్యూటర్ కొనుక్కుని, స్నేహితులతో కలిసి డీఎంఏ డిజైన్ అనే కంపెనీ పెట్టాడు. 1991లో వాళ్ళ "లెమ్మింగ్స్" ప్రపంచమంతా ఆడింది. 1993లో ఘోరమైన సమ్మె తర్వాత టైమెక్స్ ఫ్యాక్టరీ మూతపడింది, ఊరికి ఆటలు మిగిలాయి. 1997లో ఆ ఊరి ఆబర్టే యూనివర్సిటీ కంప్యూటర్ ఆటల తయారీలో డిగ్రీ కోర్సు తెరిచింది, ప్రపంచంలో అలాంటిది అదే మొదలు. అదే ఏడాది మే నెలలో, అదే ఊరి డీఎంఏ డిజైన్ వారి "గ్రాండ్ థెఫ్ట్ ఆటో" ఇంకా బజారులోకి రాకముందే, లండన్‌లో ప్రభువుల సభలో ఒక పెద్దమనిషి లేచి నిలబడి, కార్లు దొంగిలించడం నేర్పే ఈ ఆట పిల్లల చేతికి వెళ్తే ఏమిటి గతి అని ప్రభుత్వాన్ని నిలదీశాడు.